పచ్చదోమకు బదులు

"ఏమే, మీ పచ్చదోమగారికి పిల్ల దొరికిందా?" ఫోన్‌లో అక్క ఎగతాళి చేసింది.

"ఎక్కడక్కా! తెల్లారేదాకా బతికేలా లేడు."

ల్యాబులో ఇంకెవరూ లేరు. ఫోన్ పెట్టేసి, పరిశోధకురాలు పచ్చదోమ వాలి ఉన్న మొక్కకు బిగించిన మైకు తాలూకు హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఆకురసం పీల్చే ఆ పురుగుల్లో మగది కాండం మీద దరువు వేస్తే, దాని జాతి ఆడదే బదులిస్తుంది. ఆ బదులు వింటేనే జాతి తేలుతుంది. మూడేళ్లు వెతికినా ఆడది దొరకలేదు. మగవాటిలో మిగిలింది ఇదొక్కటే.

ఊగుతున్న కాండాన్ని ఆమె వేలితో ఆపింది. దరువు వినిపించింది. వెంటనే బదులు వచ్చింది.

వేలు తీసి ఆకులన్నీ తిరగేసింది. మరో పురుగు లేదు. అంతసేపూ దరువు ఒక్కటే వినిపించింది. వేలు మళ్లీ ఆనించగానే బదులొచ్చింది.

మగది దరువు ఆపి, ఆమె వేలి వైపు నడక మొదలుపెట్టింది.