ఆరో వేలికి పట్టీ

“గివి నీకు పనికిరావు బిడ్డా, అడగకు,” అంటూ ముసలి జంగమయ్య చెప్పుల జతను చంకలోకి లాక్కున్నాడు.

ఇస్తారి దారి పక్కన బండ మీద కూర్చొని ఉన్నాడు. కింద కొత్త బూట్లు నల్లగా నిగనిగలాడుతూ, ఏ పాపమూ ఎరగనట్టు పడి ఉన్నాయి. కుడికాలి మేజోడు ఎలాగో ఊడింది. ఎడమకాలిది నెత్తురుతో చర్మానికి అంటుకుపోయింది. ఊరు ఇంకా రెండు మైళ్లు.

అప్పటికే ఒక రోజు ఆలస్యం. నిన్న మధ్యాహ్నం బస్సు దిగాడు. అక్కడి నుంచి పది మైళ్ల అడవిదారి. ఉత్తకాళ్లతో అయితే పొద్దు గూకే లోపు ఇల్లు చేరేవాడే. బూట్లతో ఆరు మైళ్లు కూడా సరిగ్గా నడవలేక, ఒక గూడెంలో ఎవరి పంచనో పడుకున్నాడు. పొద్దుటి నుంచి ఈడ్చుకుంటూ వస్తే ఇదిగో, ఇక్కడికి.

ఎక్కడ కొన్నావని జంగమయ్య అడిగాడు. మంచిర్యాలలో, పొద్దున్నే, కొట్టు తెరవగానే కొన్నానని చెప్పాడు ఇస్తారి.

“గదే తప్పు. పొద్దుగాల కాళ్లు సన్నగుంటయ్. నడిచి నడిచి ఉబ్బినంక, పొద్దుమీకి కొనాలె. ముందట బొటనవేలంత సందుండాలె. మేజోళ్లు నూలువి గావాలె, గీ జారే నైలానువి గాదు. ఆముదం రాసి మూడు దినాలు ఇంట్లనే తిరగాలె, గప్పుడు తొవ్వ వట్టాలె. గీ సంగతి ఎవలు జెప్పలేదా నీకు?”

చెప్పడానికి ఎవరున్నారు? పన్నెండేళ్లు బొగ్గుగనిలో ఉత్తకాళ్లతోనే తట్టలు మోశాడు. ఇంత తెలిసిన జంగమయ్య కూడా ఉత్తకాళ్లతోనే ఊళ్లు తిరుగుతున్నాడు. ఈ లోకంలో నడిచేవాడికి బూట్లు ఉండవు. బూట్లు ఉన్నవాడికి నడిచే పని ఉండదు.

అయినా ఇస్తారికి బూట్లే కావాలి. పన్నెండేళ్ల కింద దొర గడి ముందు చెప్పులతో నడిచాడని, అవే నెత్తిన పెట్టించి అతన్ని నడిపించారు. మళ్లీ ఊళ్లో అడుగు పెడితే బూట్లు తొడుక్కునే పెడతానని కన్న అవ్వకు చెప్పి ఆ రోజే పోయాడు. ఒక్క ఉత్తరం ముక్క లేదు. రాయడం రాదు. రాయించడానికి మొఖం లేదు. అవ్వ గడప తొక్కనిస్తుందో లేదోనని దారి పొడుగునా అదే దిగులు.

“నువ్వెట్లాగూ తొడుక్కుంటలేవు గద అయ్యా. జర రెండు మైళ్లకే. ఊళ్లెకు పోంగనే తిరిగిస్త,” అని బతిమాలాడు.

ఆయన వద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. కానీ ఆ కాలు చూసి జాలిపడ్డాడు. మేజోడు నానితే గాని ఊడదని, పట్టుకున్న గొడుగు మడిచి, చెప్పులు కింద పెట్టి, చేతిలోని చెంబు వంచి సన్నగా నీళ్లు పోశాడు. ఇస్తారి పళ్లు బిగబట్టి మేజోడు లాగేశాడు. ఆయన తేరుకునే లోపే చెప్పులు అందుకొని కాళ్లకు తొడిగేశాడు.

కుడిది సరిగ్గా పట్టింది. ఎడమది కొంచెం వెడల్పు. దాని అంచున చిటికెనవేలు దాటాక, ఇంకో చిన్న తోలు పట్టీ కుట్టి ఉంది. ఇస్తారి ఎడమకాలి ఆరోవేలు తన ఇంట్లోకి తాను పోయినట్టు అందులోకి పోయింది.

అతనికి నొప్పి తెలియలేదు. మంచిర్యాల కొట్టువాడు ఈ వేలిని చూసే కదా నవ్వింది, ఇరికించుకొమ్మని చెప్పింది. ఇలాంటి పట్టీ కుట్టే చెయ్యి ఒక్కటే, తమ ఊరి భూమన్నది. ఈ కాలి కొలత పుల్ల ఉన్న చోటూ ఒక్కటే, అవ్వ ఇంటి చూరు. అంటే అవ్వ కోపం మానేసింది. కొడుకు వస్తాడని చెప్పులు కుట్టించి పెట్టింది. ఇస్తారి కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటుండగానే ఇంకో సంగతి తట్టింది. లేచి జంగమయ్య భుజం మీది గుడ్డ పట్టుకున్నాడు.

“మా అవ్వ నాకోసం కుట్టించిన చెప్పులు గివి. యాడ దొంగిలించినవ్?”

 జంగమయ్య మసక కళ్లతో వంగి ఎడమకాలును చూశాడు. పెదవులు కదిలాయి, ఒక్కొక్క వేలే లెక్కపెడుతున్నట్టు. చేతిలో చెంబు జారి బండ మీద దొర్లింది. గుడ్డ అతని పిడికిట్లోనే వదిలేసి, నాలుగడుగులు వెనక్కి వేశాడు.

“నీ పేరేంది?”

“ఇస్తారి. లింగవ్వ కొడుకును.”

“దొంగతనం గాదు. గీ చెంబు, గీ గొడుగు, గీ చెప్పులు లింగవ్వనే దానమని నా చేతుల వెట్టింది,” అన్నాడు జంగమయ్య.  “నీ జాడ లేక నిన్నటితోటి పన్నెండేండ్లు నిండినయ్. పొద్దుమీకేదాంక తొవ్వకే సూసుకుంట కూసున్నది. ఇయ్యాల పొద్దుగాల మోదుగాకులతోటి బొమ్మ జేసి, ఇస్తారి అని పేరు వెట్టి, కాలవెట్టొచ్చినం.”