నకా చుక్క ఆవు

చలికాలం ముంగిట, తెల్లవారుజామున నకా చుక్కను అందరికంటే ముందు చూసినవాళ్లకు ఊరిపెద్ద ఒక ఆవునివ్వడం మా లెసోతో కొండల్లో ఆనవాయితీ. మా ఊరిపెద్ద తేకో; ఆయన్ని అందరం మొరెనా, అంటే దొరా, అని పిలుస్తాం. ఆరేళ్లుగా ఆ ఆవు ఆయన బావమరిది దొడ్డికే చేరుతోంది.

ఏటా చుక్క కోసం కాపు కాసే మపులెంగ్ అవ్వ ఈసారి కూడా దుప్పటి కప్పుకుని, మంచు తొక్కుకుంటూ పొద్దెక్కేసరికి చావడికి వచ్చింది.

"దక్షిణపు గుట్టమీద చుక్క కనబడింది, మొరెనా. ఇవాళే."

"ఒక్కరోజు ఆలస్యమైపోయావే అవ్వా," అన్నాడు తేకో. "మావాడు నిన్ననే చూసేశాడు."

అవ్వ తేకో పక్కనే కూర్చున్న బావమరిది వైపు తిరిగింది. "అదే గుట్టమీదా, నాయనా?"

"అదే గుట్ట. ఇంత లావున వెలుగుతోంది. మా గుమ్మంలోంచే చూశా," అన్నాడతను ఆవలిస్తూ.

"అయితే ఆవు నీదేలే. నేను చెప్పింది నా లాంతరు సంగతి. ఇవాళ తెల్లారకముందే గుట్టెక్కి నేనే వెలిగించి పెట్టొచ్చాను."

తేకో గడ్డం నిమురుకుని తీర్పు చెప్పాడు.

"వెలిగించకముందే దీపాన్ని చూశాడంటే అవి మామూలు కళ్లు కావు. వీడికి రెండావులివ్వాలి."

ముందుగా నవ్వింది బావమరిది పెళ్లామే. ఆ తర్వాత ఎవరికీ నవ్వు ఆగలేదు.

నాలుగోనాడు గుట్టమీద ఒక చుక్క పొడిచింది. అది నకాయేనా అని అడగడానికి ఊరంతా మపులెంగ్ గుడిసెకే వెళ్లింది. వెళ్లినవాళ్లలో బావమరిది కూడా ఉన్నాడు. నకా ఎలా ఉంటుందో అతను చూడటం అదే మొదటిసారి.