ఎర్ర బటన్

"ఆపు కిరీటీ! ఏజాక్స్‌లో ఇంటి నుంచి రెండు గంటలు వచ్చింది చావడానికా?" వెనక సీట్లోంచి అమృత అరిచింది.

కిరీటి నవ్వి యాక్సిలరేటర్ ఇంకా తొక్కాడు. కెనడా చలికి గడ్డకట్టిన సరస్సు మీద కారు గిర్రున తిరిగింది.

"అడుగు మందం ఐస్ ఇది. వీడియో తియ్యి."

అమృత ఫోను విసిరేసి కిటికీ దించింది. చలిగాలి లోపలికి దూసుకొచ్చింది. తన బెల్టు తీసేసి, పక్కన కార్‌సీట్లో ఉన్న మూడేళ్ల పాప బెల్టు మీద పడింది.

"పిచ్చెక్కిందా? పాపకి బెల్టు తీస్తావేంటి?"

"ఒడ్డున చేపలు పట్టే ముసలాయన మొత్తుకున్నాడుగా! ఐస్ మీద బెల్టులు పెట్టుకోవద్దు, కిటికీలు మూయొద్దు, ఐస్ పగిలితే బయటపడ్డానికి ఒక్క నిమిషమే ఉంటుందని!"

"వాడి మొహం! వాడికేం తెలుసు?"

"నోర్ముయ్! ఇది ఊడట్లేదు."

కిరీటి అద్దంలోంచి వెనక్కి చూశాడు. కొంకర్లు పోయిన అమృత వేళ్ళు పాప బెల్టు ఎర్ర బటన్ మీంచి జారిపోతున్నాయి. పొద్దున ఆ బెల్టు బిగించింది తనే. పాప ఎంత గింజుకున్నా ఊడకూడదని మూడుసార్లు లాగి మరీ చూశాడు.

అతని కాలు యాక్సిలరేటర్ మీంచి లేచింది. కారు మెల్లగా ఒడ్డువైపు తిరిగింది.

"ఊడిందా?" అడిగాడు.

"ముసలాయన చెప్పిన నిమిషం ఎప్పుడో దాటింది," అంది అమృత, ఇంకా బటన్ నొక్కుతూనే.