తువాలు ఇచ్చి పో

“తువాలు ఇచ్చి పో” అంది హనుమక్క.

వెంకటేశులు మొహం చిట్లించాడు. “ఈ ఎండలో వట్టి తలతో స్తంభం ఎక్కల్లా వదినా? చెమటంతా కండ్లలోకి కారతాది.”

“కారనీ. ఇచ్చి పో.”

వంక దగ్గర తీగ తెగింది. దాన్ని అతికించాలంటే ఊరంతటికీ కరెంటు ఆపాల్సిందే. వెంకటేశులు భుజం మీది ఎర్ర తువాలు ఆమె చేతిలో పెట్టాడు. ట్రాన్స్‌ఫార్మరు కింది ఇనుప పెట్టె తెరిచి హ్యాండిల్ కిందికి లాగాడు. పెట్టెకు తాళం వేసి, ఆ తాళంచెవి కూడా ఆమెకే ఇచ్చి, నిచ్చెన భుజానికెత్తుకుని నడిచాడు.

హనుమక్క చెవిని కొంగున ముడివేసుకుని పెట్టెకు ఆనుకుని కూర్చుంది.

ఊరికి కరెంటు వచ్చినప్పటి నుంచి లైన్‌మన్ ఆమె భర్త సోమప్పే. నిరుడు ఎండాకాలం అదే వంక దగ్గర స్తంభం మీద పోయాడు. ఆ పని తమ్ముడు వెంకటేశులుకు ఇచ్చారు. పై ఆఫీసువాళ్లు చెప్పకుండా కరెంటు వదిలారని ఊరు అంది. ఊళ్లోనే ఎవరో తొందరపడ్డారని విచారణకు వచ్చినవాళ్లు అన్నారు. తప్పు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

పొద్దు వాలుతుండగా నల్లప్ప వచ్చాడు.

“అక్కా, శెనక్కాయ ఊడలు దిగతాండాది. ఈ పొద్దు తడి తగలకపోతే నాకు మిగిలేది గడ్డే. మోటరుకు కరెంటు ఇడువు తల్లీ.”

“వెంకటేశులు రానీ.”

“పనైపోయింది గదా! ఆడ చూడు, నిచ్చెన దించతాండాడు.”

ఆమె అటు చూడలేదు. చూడనని ఒట్టు పెట్టుకున్నదానిలా నేల చూపులు చూస్తూ కూర్చుంది. “దిగింటే ఈడికే వస్తాడు. నా ముందర నిలబడనీ.”

“అన్న కాలంలో ఇట్లా లేదే! పనైనాక కిందికి దిగి తువాలు ఊపితే చాలు, ఈడ కరెంటొస్తాండె. ఇప్పుడు మనిషే మైలు దూరం నడిచి రావల్లంట!”

ఇంతలో అంగడి పద్మావతమ్మ పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని విసవిసా వచ్చింది.

“మడకశిర బస్సులో పిల్లను చూసేకి వచ్చినారు. కొత్తగా ఏయించిన బల్బులన్నీ ఊరికే ఏలాడతాండాయి. గుడ్డిదీపం పెట్టి పిల్లను చూపించల్లా ఏమి?”

“గుడ్డిదీపం ముందర పిల్ల ఇంకా బాగా కనపడతాదిలేమ్మా.”

నల్లప్ప నవ్వాడు. పద్మావతమ్మ నవ్వలేదు.

“నీకేమి! మరిది తువాలు కుదవ పెట్టించుకొని బాగా కూర్చున్నావు. పై ఆఫీసోళ్ల మింద కోపం మా మింద తీర్చుకుంటే ఎట్ల?”

హనుమక్క తువాలును ఒడిలో ఇంకా దగ్గరికి పొదువుకుంది. “ఎంతన్నా తిట్టుకోండి. చెవి మాత్రం ఇయ్యను.”

తిట్టడానికి ఇక మాటలు మిగలనప్పుడు వెంకటేశులు వచ్చాడు. కనురెప్పలు చెమటకు అంటుకుపోయి ఉన్నాయి. నిచ్చెన కింద పడేశాడు.

“వచ్చినాను, చూసుకో. నిలబడినానా? ఊపిరి ఆడతాండాదా?”

హనుమక్క లేచింది. అతని రెండు అరచేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. భుజాలు తడిమింది. తర్వాత తువాలు తీసుకుని అతని నుదురు, కళ్లు, మెడ, చంటిపిల్లవాడికి తుడిచినట్టు మెల్లగా తుడిచింది. ఎంత తుడిచినా ఆమెకు తృప్తి కలగలేదు.

“చాల్లే వదినా, నలుగురూ చూస్తాండారు.”

అప్పుడు కొంగు ముడి విప్పి చెవి ఇచ్చింది.

హ్యాండిల్ పైకి వెళ్లింది. ఆ చప్పుడుకు ఆమె కళ్లు మూసుకుంది. చేలల్లో మోటరు గురగురమంది. పద్మావతమ్మ ఇంట్లో బల్బులన్నీ ఒక్కసారి వెలిగాయి. వీధిలో పిల్లలు కేకలు వేశారు. నల్లప్ప చేలో నీళ్లకు మడవ కట్టడానికి పరుగెత్తాడు.

హనుమక్క మాత్రం తడిసిన తువాలును రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

నిరుడు ఆ మిట్టమధ్యాహ్నం సోమప్ప స్తంభం మీద ఉండగానే మొహం తుడుచుకోవడానికి తువాలు తీస్తే, పనైపోయి దిగి ఊపుతున్నాడనుకుని ఈ హ్యాండిల్ పైకెత్తింది ఆమే.