ఆర్నెల్ల పరీక్ష

“నెమ్మదిగా తవ్వు పల్లంరాజూ, వేరు తెగిపోద్ది” అంది నూకరత్నం.

మున్సిపల్ ఆఫీసు వెనక పెరట్లో రెండు కానుగ మొక్కలున్నాయి. ఒకటి ఆమె కొబ్బరి పీచుతో చేసిన కుండీలోది. రెండోది ఏదో కంపెనీవాళ్ల ‘పర్యావరణ హిత’ కవరులోది. ఊళ్లో నాటే మొక్కలకు ఇకపై ప్లాస్టిక్ కొనకూడదని కౌన్సిల్ తీర్మానించాక, తొలకరిలో రెంటినీ కుండీతో, కవరుతో సహా పాతిపెట్టారు. ఎవరిది ఆర్నెల్లలో మట్టిలో కలిసిపోతే వాళ్లకే ఆర్డరు.

ఆ ఆర్డరు కోసం నూకరత్నం కాళ్లరిగేలా తిరిగింది. వస్తే ఇంటి పక్కన వేసుకున్న పీచు షెడ్డు నిలబడుతుంది. రాకపోతే కువైట్లో ఎవరింట్లోనో అంట్లు తోమాలి. పాస్‌పోర్టు అప్పుడే ఏజెంటు దగ్గరుంది. తొమ్మిది చదివే కూతురు రమ్యశ్రీని ఎవరికి ఒప్పజెప్పి వెళ్లాలో మాత్రం ఆమెకు తోచడంలేదు.

ముందు కంపెనీవాళ్ల మొక్కను లేపారు. కవరు కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది. దులిపితే కంపెనీ పేరు కూడా కనబడింది.

“ఇప్పుడు మీదమ్మా” అన్నారు ఇంజనీరు రాజ్ కుమార్ గారు.

నూకరత్నం కళ్లు గట్టిగా మూసుకుంది. కరక్కపోతే? పీచును మరీ గట్టిగా అదిమింది తనే కదా!

“అమ్మా, చూడు!” అని అరిచింది రమ్యశ్రీ.

వేళ్లు, మట్టి. అంతే. ఆఫీసు తోటమాలి పల్లంరాజు గడ్డను పిసికి చూశాడు.

“పోగు కూడా మిగల్లేదండి బాబూ! మొత్తం కలిసిపోయింది.”

నూకరత్నం ముఖం చేటంత అయింది. ఇన్నాళ్ల దిగులూ కన్నీళ్లై జారిపోయింది. ఇంజనీరుకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

“అంతా మీ చలవేనండి బాబుగారూ.”

“నాదేముందమ్మా? నేను చూసిందే రాస్తాను.”

ఆయన పైసా ముట్టని మనిషి. ఆ మాట ఊరంతా చెబుతుంది. ఫారం తీశారు. పైపులు కొన్నా, చీపుళ్లు కొన్నా ఆఫీసులో వాడేది అదే ఫారం. గళ్లన్నీ శ్రద్ధగా నింపి, సంతకం పెట్టి, కాపీ ఆమె చేతికిచ్చారు.

“చదవ్వే” అంది నూకరత్నం, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. “ఏజెంటుకి ఇప్పుడే ఫోన్ చేసి రానని చెప్పేస్తాను.”

రమ్యశ్రీ చదివింది.

“శాంపిల్ దొరకనందున టెండరు తిరస్కరించడమైనది.”