అమ్మే రోజు

మా ఆయన నా చేతికిచ్చిన పెన్నుకి మూత బిగించి, బ్రోకర్ తెచ్చిన కాగితాల మీద పెట్టేశాను.

పన్నెండేళ్లు కుట్టుమిషను తొక్కి కొన్న ఫ్లాటు అది. నా పేరు మీదే ఉంది, అద్దెకిచ్చాం.

"ఇంత రేటు మళ్లీ రాదమ్మా. చుట్టూ కొత్త బిల్డింగులు లేస్తున్నాయి, వచ్చే ఏడాదికి పడిపోతుంది," అన్నాడు బ్రోకర్.

"పడనివ్వండి."

మా ఆయన గొంతు లేచింది. "పోయినేడాది ఇంకా పెరగాలన్నావు. పెరిగింది. ఇప్పుడూ వద్దంటావు. అసలు ఎప్పుడు అమ్ముతావో చెప్పి చావు."

ఇక చెప్పేయాలనిపించింది. వంటింట్లో మేకుకున్న క్యాలెండర్ తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఈ ఎర్ర సున్నాలేంటో తెలుసా?"

"అద్దె వచ్చిన రోజులు. ఆ మాత్రం తెలీదా?"

"అద్దె నెలకొక్కసారే వస్తుందండీ. ఈ నెలలో సున్నాలు నాలుగున్నాయి."

ఆయన వంగి చూశాడు. బ్రోకర్ కూడా చూశాడు.

"మీరు నన్ను 'నా ఇంట్లోంచి బయటికి పో' అన్న రోజులివి. పోవాల్సొస్తే పోవడానికి నాకా ఫ్లాటు ఉండాలి. ఒక ఏడాదంతా ఒక్క సున్నా కూడా పడకపోతే, ఆ మర్నాడే సంతకం పెడతాను. అప్పుడు రేటెంతని కూడా అడగను."

బ్రోకర్ కాగితాలు సంచిలో సర్దుకుని, చెప్పులేసుకుని, చప్పుడు చేయకుండా వెళ్లిపోయాడు.

క్యాలెండర్‌ని మళ్లీ వంటింట్లోకి తీసుకెళ్లలేదు. హాల్లో, ఆయన కుర్చీకి సరిగ్గా ఎదురుగా తగిలించాను.