మేక తిన్న ఆర్సీ బుక్కు

"ఆర్సీ బుక్కు ఎలా పోయింది తాతగారూ?" అడిగాడు వాహనాల ఆఫీసు గుమాస్తా.

"మేక తినేసింది నాయనా."

"కిందటిసారి కోతి ఎత్తుకెళ్లిందన్నారు!"

"ఆ కోతి చేతిలోంచే మేక లాక్కుంది."

గుమాస్తా పగలబడి నవ్వి దరఖాస్తు వెనక్కి నెట్టాడు. "ఒక్క మాట మీద నిలబడ్డాక రండి. అప్పటిదాకా నకలూ లేదు, స్కూటరు అమ్మకమూ లేదు."

పక్కనున్న తాతగారి భార్య మనసు కుదుటపడింది. ఆయన స్కూటరు అమ్మేయడానికి కొడుకు బేరం కుదిర్చిన రోజే ఆ బుక్కును పిండి డబ్బాలో దాచింది తనే. స్కూటరు పోతే ఆయన వెనక కూర్చుని ఊరేగే భాగ్యం పోతుందని ఆమె బెంగ.

బయటికొచ్చి స్కూటరెక్కుతూ, "మేక కథ ఎవడు నమ్ముతాడండీ?" అని దెప్పింది.

"నమ్మకూడదనేగా చెప్పింది!" అన్నాడాయన కిక్కు కొడుతూ. "ఆ బుక్కును పిండి డబ్బాలోంచి తీసి ఇంకెక్కడైనా దాచవే. రేపు కోడలు రొట్టెలు చేస్తానంటోంది."